చక్రం ఆగేదాకా మాట్లాడకూడదు

బండి సర్వీసుకిచ్చినప్పుడు మెకానిక్ మనల్ని లోపలికి పిలిచాడంటే ఇంకేదో కూడా పోయిందని అర్థం. ఇవాళ శ్రీకాకుళంలో ముందు టైరు మార్పిద్దామని వెళ్తే అలాగే పిలిచాడు. చైను పోయిందంటాడో, బేరింగులు పోయాయంటాడో అని మొహం వీలైనంత దీనంగా పెట్టుకుని వెళ్ళాను. అతను విప్పిన చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. రిమ్ము పక్కన ఒక స్పోకుకి చింతగింజంత సీసపు గుండు, దాన్ని పట్టి ఉంచుతూ ఆకుపచ్చ నైలాన్ దారంతో వేసిన ముడి.

“ఏటి సార్ ఇది? దిష్టికి కట్టించారేటి?”

“దిష్టికే,” అన్నాను.

అతను ముడి కోయడానికి బ్లేడు తీశాడు. ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. సర్వీస్ సెంటర్లో అంత కథ వినే తీరిక ఎవరికీ ఉండదు. ముందు టీ తాగి రమ్మని పంపేశాను.

ఆ మనిషి పోయి ఏడాది దాటింది. నరసన్నపేటలో హైవే నుంచి ఊళ్ళోకి తిరిగే మలుపులో ఆయన రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. లారీ టైరొకటి నిలబెట్టి దాని మీద తెల్ల పెయింటుతో పంచర్ అని రాశాడు. రాయడం మరీ కుడివైపు నుంచి మొదలుపెట్టడం వల్ల ఆఖరి అక్షరం టైరు వెనక్కి పోయింది. చదవాలనుకున్నవాళ్ళు చుట్టూ తిరిగి వచ్చేవారు. “తిరిగితే తిరగనీ, బండి ఆగిపోయినోడికి ఇంకేటి పనుంది,” అనేవాడు.

నేను మందుల కంపెనీ రెప్‌ని. టెక్కలి, పాతపట్నం, డాక్టర్ ఎక్కడుంటే అక్కడికి బండి మీద తిరగడమే ఉద్యోగం. మా నాన్నకి బజార్లో కిరాణా కొట్టు. అందుకని ఆయన నన్ను సావుకారూ అని పిలిచేవాడు. నేను మావా అనేవాణ్ణి. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు. మా వైపు మావా అనడానికి అంత అవసరం లేదు కూడా.

పంచర్లు ఎవరైనా వేస్తారు. ఆయన దగ్గరికి జనం వచ్చేది చక్రం తూకానికి. బండి స్పీడందుకోగానే హేండిల్ వణుకుతోందంటే చాలు, మిగతా మెకానిక్‌లందరూ ఆయన దగ్గరికి పొమ్మనేవారు. మెషీను లేదు. పడవ తెడ్లు రెండింటిని సగానికి కోసి, ఎదురెదురుగా నేలలో పాతి, పైన ఇరుసు కూర్చునేలా గాళ్ళు చెక్కాడు. విప్పిన చక్రానికి ఇరుసు దూర్చి, ఆ గాళ్ళ మీద పెట్టి, వేలితో మెల్లిగా తిప్పి వదిలేవాడు. అది కాసేపు తిరిగి, ఇటూ అటూ ఊగి, బరువున్న పక్క కిందకి వచ్చి ఆగేది. దానికి సరిగ్గా ఎదురు స్పోకుకి ఒక సీసపు గుండు బిగించేవాడు. మళ్ళీ తిప్పేవాడు. ఏ పక్కకీ దిగకుండా, ఎక్కడ పడితే అక్కడ నిమ్మళంగా ఆగిందంటే తూకం కుదిరినట్టు.

చక్రం తిరిగి ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అది ఆయన పెట్టిన నియమం. గాలి తగలకుండా తడక అడ్డం పెట్టడం వరకూ నాకు అర్థమైంది గానీ, మాటకి చక్రం ఊగుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. అదే అడిగాను ఒకసారి.

“బరువెక్కడున్నాదో అదే సెప్తాది. నువ్వు నోరు మూసుకుంటే ఇనపడతాది,” అన్నాడు.

దాంతో పెట్రోలు పోయించుకుని వచ్చినవాళ్ళూ, పాల కేన్లవాళ్ళూ, కొత్త పెళ్ళికొడుకులూ అందరూ చేతులు కట్టుకుని, తల కొంచెం వంచుకుని, శవం లేచే ఇంటి ముందు నిలబడ్డట్టు నిలబడేవారు. ఆయన మాత్రం రెండు మోకాళ్ళ మధ్యా గడ్డం పెట్టుకుని, కన్ను రిమ్ముకి సమంగా ఆనించి కూర్చునేవాడు. నాకు చావింట్లోనే నవ్వొస్తుంది, ఇక్కడెలా ఆగుతుంది? “మావా, ఇంకా ప్రాణముందా?” అని గుసగుసగా అడిగేవాణ్ణి. చేతిలో ఏ స్పానరుంటే దాన్ని నా వైపు చూపించేవాడు. చూపు మాత్రం చక్రం మీంచి తిప్పేవాడు కాదు.

అన్నీ తెలిసిన మనిషని అనుకోకండి. ట్యూబు లేని టైర్లని గవర్నమెంటు వచ్చే ఏడు ఆపేస్తుందని ఏటేటా చెప్పేవాడు. ఆపకపోతే ఆ ఏడు గవర్నమెంటుది తప్పు. కొన్నిసార్లు ఆయన తూకం వేశాక కూడా బండి వణికేది. వెనక్కి తెస్తే బండిలో ఏమీ లేదు, రోడ్డే బాగోలేదనేవాడు. కొత్త టైరు మీద తేలిక పక్క తెలియడానికి కంపెనీవాళ్ళు వేసే పసుపు చుక్కని వాల్వు పక్కకి తెచ్చి ఎక్కించేవాడు. “బొట్టెట్టి మరీ పంపినారు, సరిగ్గా కూకోబెట్టాల,” అనేవాడు. అలాయ్ చక్రాలంటే మాత్రం పడేది కాదు. స్పోకు లేని చక్రానికి గుండు ఎక్కడ కట్టాలి?

ఆ గుండ్లే ఆయన అసలు సంగతి. బజార్లో దొరికేవి కావవి. ఆయనది కళింగపట్నం వైపు సముద్రపొడ్డు పల్లె. షెడ్డులో దూలానికి ఒక పాత వల వేలాడుతుండేది. వల అడుగు తాడుకి వరసగా సీసపు గుండ్లుంటాయి. వల నీళ్ళలో మునిగేది వాటి బరువుకే. ఆయన చక్రానికి కావలసినప్పుడల్లా లేచి, స్క్రూడ్రైవరుతో ఒక గుండు నోరు తెరిచి, తాడు మీంచి ఊడదీసి, స్పోకుకి నొక్కేవాడు. మంచి వలని ఇలా పాడుచేస్తావేం అని ఒకరోజు అడిగాను. కొనుక్కుంటే పోయేదానికి పిసినారితనం అనుకున్నాను.

ట్యూబుకి సొల్యూషన్ రాస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు. పెద్దకొడుకు ఒడ్డు కనపడుతుండగానే కెరటాల దగ్గర తెప్ప తిరగబడి పోయాడు. తెడ్డు ఆయన చేతిలోనే ఉందట. ఆ తర్వాత ఆయన మళ్ళీ నీళ్ళలో కాలు పెట్టలేదు. తెప్ప ఇచ్చేశాడు, తెడ్లు కోసేశాడు. మిగిలింది వల, చిన్నకొడుకు. చిన్నవాడికి చదువు మీద కంటే సముద్రం మీద మనసెక్కువ. వల ఇంట్లో ఉంటే ఎత్తుకెళ్తాడని టౌనుకి తెచ్చేశాడు.

“అమ్మేయొచ్చు కదా మావా?”

“అమ్మితే ఇంకోడు ఏస్తాడు. ఆడికీ ఓ అమ్మ ఉంటాది కదరా.”

“పోనీ కాల్చేయ్.”

“అన్నం ఎట్టిందిరా అది. కాలుస్తారేటి?” అని, ట్యూబు నోటి దగ్గర పెట్టుకుని ఊది ఆరబెట్టాడు. “ఉండనీ. మునక్కుంటే సాలు.”

నాకు జోకు ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. అరుదుగా జరిగే విషయమే, మింగేశాను.

చిన్నకొడుకు ఒకరోజు నిజంగానే వల కోసం వచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. పొడుగ్గా, నల్లగా, మీసం ఇంకా సర్దుకుంటున్న వయసు. నన్ను చూసి బావా అని పలకరించి, దూలం మీంచి వల దింపాడు. ఊళ్ళో పెద్దలు తమ పడవలో వాటా ఇస్తామన్నారట, వల మాత్రం తెచ్చుకోవాలట. నేల మీద కూర్చుని అడుగు తాడుని వేళ్ళ మధ్య జరుపుకుంటూ పోయాడు. చాలాసేపు ఉత్త తాడే వచ్చింది.

“గుండ్లేవి నానా?”

ఆయన పంపు కొడుతున్నాడు. కొట్టడం ఆపలేదు.

“ఊరంతా తిరగతన్నాయి,” అన్నాడు.

ఆ మాటకి నవ్వాలో వద్దో తెలియక నేను, ఒకటి నా వెనక చక్రంలో కూడా ఉంది, కావాలంటే తీసుకో అన్నాను. తండ్రీ కొడుకులిద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. అంతవరకూ వాళ్ళిద్దరి పోలికలు నేను గమనించలేదు. కొడుకు వల మడతపెట్టి, మళ్ళీ దూలానికి తగిలించి, వెళ్ళిపోయాడు. ఆయన పంపు కొట్టీ కొట్టీ ఆ టైరు రాయిలా చేశాడు. తర్వాత సగం గాలి తీసేయాల్సి వచ్చింది.

ఆయన గెలిచాననుకున్నాడు. నేనూ అనుకున్నాను. కొన్నాళ్ళకి కొడుకు రైలెక్కబోతూ స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు. ఊళ్ళోవాళ్ళతో కలిసి గుజరాత్ వెళ్తున్నాడు, వేరావల్‌లో బోటు పనికి. మా సముద్రపు పల్లెల్లో మగవాళ్ళు సీజనుకి అక్కడికి పోవడం మామూలే. బోటు యజమానిది, వల యజమానిది, వంట బియ్యం యజమానివి. మనిషి మాత్రం మనవైపు నుంచి వెళ్తాడు.

ఫోన్ పెట్టేసి ఆయన దూలం వైపు చూశాడు. “ఆ యజమాని వలకి గుండ్లు నాను ఎలగ పీకతానురా సావుకారూ?” అన్నాడు.

ఆ ప్రశ్నకి నేనేదో ఒకటి అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, బహుశా గుజరాత్‌లో టీ బాగుంటుందనో ఏదో. ఆయన లేచి, మరో గుండు ఊడదీసి, ఎవరి బండికో బిగించాడు. కొడుకు వెళ్ళాక కూడా తీయడం మానలేదు. ఇంకా ఎందుకు మావా అంటే, మొదలెట్టిన పని కదా అన్నాడు.

అక్కడి బోట్లు ఒకసారి లోపలికి పోతే వారాల తరబడి రావు. అన్నాళ్ళూ ఫోన్ చేస్తే ఫోను కంపెనీవాళ్ళు రికార్డు చేసి పెట్టిన ఒక ఆడమనిషి గొంతు గుజరాతీలో వస్తుంది. ఆయన రోజూ మధ్యాహ్నం చేసేవాడు, ఆమె చెప్పేదంతా చివరిదాకా మర్యాదగా వినేవాడు. ఒకసారి నా చెవి దగ్గర పెట్టి ఏమంటోందని అడిగాడు. గుజరాతీ నాకూ రాదు. భోజనానికి వెళ్ళాడంటోంది అన్నాను. మర్నాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.

“ఎప్పుడూ తింటానే ఉంటాడేట్రా?”

“సముద్రం గాలికి ఆకలెక్కువ మావా.”

“అవున్రా,” అన్నాడు, తనకి తెలిసిన విషయమే కాబట్టి. ఆ రోజు నుంచి కవరేజీ లేదన్నప్పుడల్లా, తిండికెళ్ళాడని పక్క టీకొట్టు వాళ్ళకి కూడా చెప్పేవాడు. నమ్మాడని మాత్రం అనుకోను.

ఆ రోజుల్లోనే ఒక సేల్స్‌మేన్ వచ్చాడు. చిన్న చిన్న గాజుపూసల పేకెట్లు తెచ్చాడు. టైరు లోపల పోస్తే చాలు, బండి పోతుంటే అవే తిరిగి తిరిగి తేలిక పక్కకి చేరి తూకం కుదురుస్తాయట. విప్పక్కర్లేదు, చూడక్కర్లేదు. ఆయన మొత్తం విన్నాడు, పూసలు అరచేతిలో పోసుకుని చూశాడు.

“లోపల పోసీసినాక అవెక్కడున్నాయో ఎలగ తెలుస్తాది?”

తెలియక్కర్లేదు పెద్దాయనా, అదే కదా దీని గొప్ప అన్నాడు సేల్స్‌మేన్.

“తెలీకపోతే నిద్దరెలగ పడతాదయ్యా?” అన్నాడాయన.

ఆయన పూసలు ఒక్కటీ కింద పడకుండా మళ్ళీ పేకెట్లో పోసి ఇచ్చేశాడు.

ఆయన పోయినప్పుడు నేను పాతపట్నంలో డాక్టర్ గది బయట కూర్చుని ఉన్నాను. ఎలా పోయాడో తర్వాత పాలాయన చెప్పాడు. పొద్దుటే తన బండి తూకానికి తీసుకెళ్ళాడట. మావ చక్రం విప్పి, తెడ్ల మీద పెట్టి, తిప్పి వదిలి, ఎప్పటిలాగే మోకాళ్ళ మధ్య గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పాలాయన పాత ఖాతాదారు, నియమం తెలిసినవాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చక్రం ఊగింది, ఆగింది. ఆయన లేవలేదు. ఇంకా చూస్తున్నాడు కాబోలనుకున్నాడు పాలాయన. ఇంకొకతను కూడా వచ్చాడు, ఇద్దర్నీ చూసి అతనూ చెప్పుల చప్పుడు చేయకుండా నిలబడ్డాడు. మావ పక్కన గోడకి ఆనుకుని ఉన్నాడు కాబట్టి మనిషి ఒరగలేదు కూడా. టీకొట్టతను గ్లాసు తెచ్చి చేతికి అందించబోతే తెలిసింది.

“మాటాడకూడదు కదా బాబూ,” అన్నాడు పాలాయన నాతో. “అందుకని పిలవనేదు.” చెప్పిన ప్రతివాళ్ళకీ ఆ మాటే చెప్తున్నాడు. ఎవరైనా తప్పు పడతారేమోనని చూస్తున్నాడు. ఎవరూ పట్టలేదు. పట్టడానికి ఆ ఊళ్ళో అందరం అలా నిలబడ్డవాళ్ళమే. హాస్పిటల్లో డాక్టర్ గుండె అన్నాడు, కూర్చున్నప్పుడే పోయాడు, ముందు పిలిచినా ప్రయోజనం ఉండేది కాదన్నాడు. ఆ మాటని నేను వెళ్ళి పాలాయనకి చెప్పాను. ఇంగ్లీషులో కూడా చెప్పాను, ఎక్కువ నమ్ముతాడని.

కొడుక్కి ఫోన్ చేస్తే ఆ ఆడమనిషే పలికింది. భోజనానికి వెళ్ళాడు.

తండ్రి కొడుకు కోసం అన్నాళ్ళూ భయపడ్డాడు. తీరా చూస్తే సముద్రం మీంచి కొడుకు క్షేమంగానే వచ్చాడు. ఒడ్డున ఉన్న తండ్రే లేడు. దీన్ని ఎటు తిప్పి చూసినా నాకు జోకు దొరకలేదు. దినాలన్నీ అయిపోయాక వచ్చాడు వాడు. బోటు రేవుకి రాగానే ఎవరో చెప్పారట, చేపల గోనె భుజం మీద ఉండగానే.

తల్లి ఉండిపొమ్మంది. షెడ్డు ఉంది కదా, నాన్న పని చేసుకో అంది. వాడు సరేనన్నాడు. కొన్నాళ్ళు షెడ్డు తీశాడు. పంచర్లు బాగానే వేసేవాడు. తూకానికి ఎవరైనా వస్తే మాత్రం సామాను లేదనేవాడు. సామాను ఎదురుగా నేలలో పాతి ఉంది.

ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి వల దింపి ముందు వేసుకుని కూర్చున్నాడు.

“నాన్న ఒక్కటి ఒగ్గీసినాడు బావా,” అన్నాడు. తాడంతా బోడిగా ఉంది. ఒక కొసన ఒక్క గుండు.

“మర్చిపోయుంటాడు,” అన్నాను.

“మరిసిపోయే మనిసేటి?”

నా బండి ముందు చక్రం విప్పమన్నాడు. దానికేమీ అవలేదురా అన్నాను. విన్లేదు. ఇరుసు దూర్చి తెడ్ల మీద పెట్టాడు. తిప్పబోయి ఆగి, తెడ్డు చెక్కని అరచేత్తో ఒకసారి తడిమాడు. తర్వాత తిప్పి, మోకాళ్ళ మధ్య గడ్డం పెట్టుకున్నాడు. నాకు ఎవరూ చెప్పలేదు, అయినా చేతులు కట్టుకుని నిలబడ్డాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. చక్రం ఆగింది. వాడు వల మీంచి ఆఖరి గుండు ఊడదీశాడు. నొక్కితే స్పోకు మీద జారిపోతోంది. దాంతో వల అల్లే దారం తీసి, పళ్ళతో లాగి, వలకి వేసే ముడే వేశాడు. ఆ ముడి తడిసినా ఊడదు, ఎండినా ఊడదు.

మళ్ళీ తిప్పాడు. గుండు కట్టిన పక్క మెల్లగా, స్పష్టంగా, అందరికీ కనపడేలా కిందకి దిగి ఆగింది.

“కుదిరిందా బావా?”

“కుదిరింది,” అన్నాను.

వాడు చక్రం దింపి బండికి ఎక్కించాడు. “నానుండలేను బావా. ఇక్కడుంటే పొద్దున్నించి ఈ తెడ్లనే సూసుకుంటా కూకోవాల. అన్న పోయిందీ వీటి కాడే, నాన్న పోయిందీ వీటి కాడే. అక్కడైతే ఉత్త నీళ్ళు,” అన్నాడు. ఆ వారమే రైలెక్కాడు.

అప్పట్నుంచి బోటు ఒడ్డుకి వచ్చినప్పుడల్లా ముందు తల్లికి ఫోన్ చేస్తాడు, తర్వాత నాకు. హలో కూడా ఉండదు. “బండి కొట్టుకుంటందా బావా?” అనడుగుతాడు.

“లేదురా. నీళ్ళ మీద పోతున్నట్టుంది,” అంటాను.

నిజానికి కాస్త స్పీడందుకుంటే చాలు, హేండిల్ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. టెక్కలిలో ఒక డాక్టర్ నా చేతులు చూసి నరాల బలహీనత అని మాత్రలు రాశాడు. మా కంపెనీవే. నేనే ఆయనకి అంటగట్టినవి. ఏడాదిగా వాటినే మింగుతున్నాను గానీ ఆ ముడి విప్పించలేదు. విప్పిస్తే వాడు అడగడానికి ఏముంటుంది? అడగడానికి ఏదీ లేకపోతే నాకెందుకు ఫోన్ చేస్తాడు?

ఈసారి ఇంకా ఫోన్ రాలేదు. రోజూ మధ్యాహ్నం నేనే చేస్తున్నాను. ఆమె చెప్పేదంతా చివరిదాకా వింటున్నాను. నిన్న వాళ్ళమ్మ షెడ్డు దగ్గర కనపడి ఏమంటోందని అడిగింది. భోజనానికి వెళ్ళాడంట అత్తా అన్నాను.

మెకానిక్ టీ తాగి వచ్చాడు. చక్రానికి కొత్త టైరు ఎక్కించి, గాలి పట్టి, మళ్ళీ బ్లేడు తీశాడు. “తీసీమంటారా సార్? మా మెషీన్ మీద తూకం సూసి బరువు అంటిస్తాం. ఇదుంటే కొట్టుకుంటాది.”

“దాన్ని ఉంచే తూకం చూడు. ఎదురుగా ఎంత కావాలో అంత పెట్టు.”

“ఉట్టినే రెండు పక్కలా బరువు సార్.”

“ఉండనీ.”

ఇతను పని సరిగ్గా చేస్తే బండి ఇంక వణకదు. ఈసారి వాడు అడిగితే నిజమే చెప్పొచ్చు. అడగాలి, అంతే.

అతను చక్రాన్ని మెషీన్‌కి ఎక్కించి తిప్పాడు. ఆకుపచ్చ ముడి ఒకసారి కనపడి, తర్వాత గీతలా సాగి, మాయమైపోయింది. అతనేదో అడగబోయాడు. చక్రం ఇంకా తిరుగుతోంది. మాట్లాడొద్దని చేత్తో సైగ చేశాను.